మందుబిళ్లకు గెజిటెడ్ సంతకం

కోర్టు మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్న ప్లీడరు గుమస్తాని నేను. చూడ్డానికి వచ్చిన మా ప్లీడరు గారు "మెట్ల మీద కేసు వేద్దామా?" అని అడిగారు తప్ప, నొప్పిగా ఉందా అని అడగలేదు. అలాంటి మనిషి దగ్గర జీవితమంతా పనిచేసినవాణ్ణి కనక కాగితమంటే నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. కాగితం లేకుండా ఈ దేశంలో ఎవడూ పుట్టలేడు, చావలేడు అని మనసా వాచా నమ్మినవాణ్ణి. అందుచేత మా ఊరి ప్రభుత్వాసుపత్రి మగవాళ్ల వార్డులో, కాలికి ఇటుకలు వేలాడదీసుకుని పడుకున్న రోజుల్లో, నా కళ్ల ముందు జరిగిన నైతిక విప్లవాన్ని వివరించడానికి నాకంటే తగిన రోగి దొరకడని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

విప్లవానికి మూలం ఒక ఫ్యాను. వార్డులో ఫ్యాన్లు చాలానే ఉన్నాయి గానీ తిరిగేది ఒక్కటే. ఎండాకాలం కావడంతో రోగులు తమలో తాము ఒక ఒప్పందానికి వచ్చారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ ఫ్యాను కింది మంచం మీద వంతులవారీగా పడుకోవాలి. అలా ఒకరోజు తన వంతు వచ్చిన హెర్నియా రోగి ఒకడు మొహం మీద తువ్వాలు కప్పుకుని ఆ మంచం మీద హాయిగా పడుకున్నాడు. ఆ మంచం అసలు యజమానికి రాసిన గ్యాసు బిళ్లను నర్సు ఎస్తేరు రాణి వీడి నోట్లో వేసింది. పేరు పిలిస్తే నిద్రలో "ఊఁ" అన్నాడు మరి. మన దేశంలో నిద్రపోయేవాడు ఏ పేరుకైనా ఊఁ అంటాడు.

బిళ్ల మింగినవాడు రెండు త్రేన్పులు త్రేన్చి అటు తిరిగి పడుకున్నాడు. కథ అక్కడితో అయిపోవలసింది. కానీ ఎస్తేరు రాణి తువ్వాలు తీసి చూసి, నాలుక కరుచుకుని, తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లి, "సార్, ఒకరి బిళ్ల ఇంకొకరికి వేశాను, తప్పు నాదే" అని చెప్పింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. ఆవిడ నోరు పెద్దది. రోగుల్ని తిట్టినంత గట్టిగానే తన తప్పునూ చెప్పింది. దాంతో ఆ మాట వరండా దాటి, గేటు దాటి, మర్నాడు పేపర్లో 'రోగుల ప్రాణాలతో చెలగాటం' అన్న శీర్షిక కింద తేలింది.

సూపరింటెండెంట్ డాక్టర్ పరాంకుశం గారు ఆ సాయంత్రమే 'ఔషధ నైతికతా పరిరక్షణ కమిటీ' వేశారు. అధ్యక్షులు ఆయనే. సభ్యుడు ఆఫీసు వ్యవహారాలు చూసే త్రినాథరావు. వాళ్ల సమావేశం మా వార్డులోనే, తిరిగే ఫ్యాను కిందనే జరిగింది.

"ఒక్క నర్సుకి ఇంత వార్డు అప్పజెబితే తువ్వాళ్లన్నీ ఎత్తి చూడ్డం కష్టం సార్" అంది ఎస్తేరు రాణి.

"సిబ్బంది కొరత విధానపరమైన అంశం. మన పరిధిలోకి రాదు" అన్నాడు త్రినాథరావు.

"పోనీ మిగతా ఫ్యాన్లు బాగుచేయిస్తే ఎవరి మంచం మీద వాళ్లే పడుకుంటారు కదా!"

"ఫ్యాన్లు విద్యుత్ విభాగానివి. మన పరిధిలోకి వచ్చేది మీ నైతికత ఒక్కటే."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడిస్తే ఉపన్యాసం రాబోతోందని అర్థం. "ఔషధ ప్రదానం ఒక పవిత్ర బాధ్యత. ఔషధానికీ రోగికీ నడుమ నర్సు అనే మానవ బలహీనత ఉన్నంతకాలం ఆ పవిత్రతకు భంగమే. త్రినాథరావు గారూ, ఒక వస్తువు నిఖార్సయినదని నమ్మడానికి ఈ దేశంలో మనకున్న మార్గం ఏమిటి?"

"గెజిటెడ్ అధికారి సంతకం సార్. పచ్చసిరాతో."

"అదే అమలు చెయ్యండి."

అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారని వార్డులో కొందరు గొణిగారు గానీ నేను మాత్రం మనసులో చప్పట్లు కొట్టాను. పదో తరగతి సర్టిఫికెట్‌కి ఉన్న రక్షణ ప్రాణం పోసే బిళ్లకు లేకపోవడం అన్యాయమే కదా! ఇకమీదట గెజిటెడ్ అధికారి ధ్రువీకరించనిదే ఏ మందూ ఏ రోగి ఒంట్లోకీ పోరాదని ఉత్తర్వు వచ్చింది.

ఆసుపత్రి డాక్టర్లు గెజిటెడ్ అధికారులే కదా, వాళ్లే సంతకం పెట్టేస్తే పోలేదా అని మీరడగొచ్చు. ఎస్తేరు రాణీ అడిగింది. తాను రాసిన మందును తానే ధ్రువీకరించుకోవడం నీతిబాహ్యమని కమిటీ తేల్చింది. మరి సూపరింటెండెంటు గారో? ఆయన అప్పీలు అధికారి. కింది అధికారి తిరస్కరించిన మందు మీద అప్పీలు వినాల్సినవాడు ముందే సంతకం పెట్టేస్తే న్యాయం ఏం కావాలి? వెతగ్గా వెతగ్గా ఆసుపత్రికి దగ్గరలో ఉన్న గెజిటెడ్ అధికారి రోడ్డుకవతల పశువుల ఆసుపత్రిలో తేలాడు. డాక్టర్ పట్నాయక్ గారు.

మర్నాడు పొద్దున ఎస్తేరు రాణి బిళ్లల ట్రే పట్టుకుని రోడ్డు దాటింది. దూడకు సూది వేస్తున్న పట్నాయక్ గారు చేతులు కడుక్కుని వచ్చి, పెన్ను మూత తీసి ఆగిపోయారు. ఆయన చట్టం తెలిసిన మనిషి.

"ఇది నిజప్రతి అని నేను సంతకం పెట్టాలి. సరే. ఒరిజినల్ ఏదీ?"

"ఇదే ఒరిజినల్ సార్."

"ఇదే ఒరిజినలైతే అటెస్టేషన్ దేనికమ్మా? ఒరిజినల్ని ఎవడైనా అటెస్ట్ చేస్తాడా? ఒరిజినల్ చూపించండి, దాంతో పోల్చి దీని మీద పెడతాను."

ఎస్తేరు రాణి ట్రేతో వెనక్కొచ్చి, దారి పొడుగునా దాచుకున్న తిట్లన్నీ మా మీద ఖర్చుపెట్టింది. కమిటీ మాత్రం ఆ సందేహం విని మురిసిపోయింది. వెంటనే ప్రతి మందులోనూ ఒక్కొక్క బిళ్లను 'మూల మాత్ర'గా, ఇంజెక్షనైతే ఒక్కొక్క సీసాను 'మూల ఇంజెక్షను'గా ప్రకటించి బీరువాలో పెట్టింది. తాళంచెవి త్రినాథరావు బొడ్లో దోపుకున్నాడు. ఇక రోజూ మూల మాత్రలు ఒక ట్రేలో, వాటి ప్రతులు ఇంకో ట్రేలో రోడ్డు దాటేవి. పట్నాయక్ గారు వాటిని పక్కపక్కన పెట్టి, భూతద్దంతో చూసి, బిళ్ల మీద చోటు లేదు కనక చుట్టిన పొట్లం మీద సంతకం పెట్టేవారు. సెలైనుకు సీసా మీద ఒక్క సంతకం చాలునా, లేక బొట్టుబొట్టుకీ కావాలా అని కమిటీ ఒక పూటంతా చర్చించి, ప్రస్తుతానికి సీసాకే చాలునని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

పశువుల ఆసుపత్రి తెరవాలి, పశువుల్ని ముందు చూసుకోవాలి, తరవాత మా వంతు. పరగడుపున వేసుకోవలసిన బిళ్లలు అన్నాల వేళకు వచ్చేవి. ఇది రోగులకు ఇబ్బందని ఎవరో చెబితే పరాంకుశం గారు తక్షణం స్పందించి, పరగడుపు నియమానికి భంగం రాకుండా, బిళ్లలు వచ్చేదాకా రోగులకు తిండి పెట్టొద్దని ఆదేశించారు.

మాకందరికీ ఇది ఆకలితో పోయే గొడవ. నా పక్క మంచం సూరన్నకు అలా కాదు. సూరన్న తాపీమేస్త్రి. గోడ కడుతూ కడుతూ ఫిట్సు వచ్చి పరంజా మీంచి పడ్డాడు. పొద్దునో బిళ్ల, సాయంత్రం ఓ బిళ్ల, ఒక్క పూట తప్పినా మళ్లీ ఫిట్సు తిరగబెడతాయని, ఈసారి వస్తే ప్రాణం మీదికే రావచ్చని డాక్టరు అతని భార్య పైడితల్లికి అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. ఒకవేళ వస్తే ఇవ్వవలసిన ఇంజెక్షను కూడా కేసు షీటులో రాసిపెట్టాడు. అప్పట్నుంచి పైడితల్లికి కిటికీయే లోకం. ఊచలు పట్టుకుని రోడ్డుకవతలికి చూస్తూ నిలబడేది.

"ఆ గేదికేటి సేస్తన్నాడో గానీ, బేగి తెమల్చడు" అనేది. "ఒలమ్మా, సిస్టరమ్మ లేసింది. వచ్చేస్తంది. లేదు, మల్లీ కూకుంది. ఎవుడో మేకని తెచ్చినాడు."

"కంగారు పడకే. బిల్ల ఎక్కడికీ పోదు" అనేవాడు సూరన్న. అతను ఎవరినీ ఏదీ గట్టిగా అడగని మనిషి. మంచినీళ్లు కావాలన్నా ముందు క్షమాపణ చెప్పుకునేవాడు.

మందు నిఖార్సని తేలింది, మరి రోగో? తువ్వాలు కింద ఉన్నవాడు వాడేనని రుజువేమిటి? ఈ ప్రశ్న త్రినాథరావుకు కలలో తట్టిందట. ఫొటో మీద సంతకం పెట్టేటప్పుడు సగం ఫొటో మీదా సగం కాగితం మీదా పడేట్టు పెడతారు కదా. అదే పద్ధతిన రోగి నుదుటి మీద సగం, తలగడ మీద సగం సంతకం ఉండాలని నిర్ణయమైంది. దాంతో మనిషి మంచం మారితే సంతకం కలవదు, దొంగ దొరికిపోతాడు.

పట్నాయక్ గారు స్వయంగా వచ్చి అందరి నుదుళ్ల మీదా పచ్చసిరా పెట్టారు. పాపం మంచి మనిషే. అలవాటు కొద్దీ నా దవడ పట్టుకుని పళ్లు కూడా చూసి, బానే ఉన్నాయన్నారు. ఇక మొహాలు కడగడానికి వీల్లేదు, పక్కకు ఒత్తిగిలడానికి వీల్లేదు. ఫ్యాను లేని మంచాల మీద చెమట పట్టి సంతకాలు కళ్లలోకి కారేవి.

"మొగం కడుక్కుంటే మందియ్యరా బాబూ?" అని సూరన్న నన్నడిగాడు.

"ఇవ్వరు సూరన్నా. నీ మొహం ఇప్పుడు ప్రభుత్వ పత్రం."

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వొచ్చే రోజులే అవి, ఆ రెండో శనివారం దాకా.

రెండో శనివారం గెజిటెడ్ అధికారులు ఉండరు. రోగాలకు ఆ సంగతి ఎవరూ తెలియజేసినట్టు లేదు. పొద్దుటి బిళ్ల సంతకం లేక ట్రేలోనే ఉండిపోయింది. మిట్టమధ్యాహ్నం సూరన్న కళ్లు తేలేశాడు. చేతులూ కాళ్లూ కొట్టుకుంటున్నాయి. పైడితల్లి వేసిన కేకకు ఎస్తేరు రాణి పరిగెత్తుకుంటూ వచ్చింది. కేసు షీటు చూసింది, మందుసీసా మీద పేరు చూసింది, సూదిలోకి ఎక్కించి వెలుతురులో పెట్టి కొలత చూసింది, సూరన్న మొహంలోకి చూసింది. ఒక్క క్షణం వాకిలి వైపు కూడా చూసింది, దాచడం దేనికి. తరవాత పొడిచింది.

కాసేపటికి సూరన్న ఒళ్లు నెమ్మదించింది. సాయంత్రానికి లేచి కూర్చుని, అందర్నీ కంగారు పెట్టినందుకు క్షమించమన్నాడు.

సోమవారం విచారణ.

"ఆ ఇంజెక్షన్ మీద ఎవరి సంతకం ఉంది?" అన్నాడు త్రినాథరావు.

"ఎవరిదీ లేదు. డాక్టరు గారు రాశారు. మందు చూసుకున్నాను, డోసు చూసుకున్నాను, మనిషిని చూసుకున్నాను. ఇచ్చాను."

"మీరు చూసుకున్నారు సరే. మీరెవరు?"

"నర్సుని!"

"సమస్య అదేనమ్మా."

"మనిషి బతికాడు కదా సార్" అంది ఆవిడ సూపరింటెండెంటు వైపు తిరిగి. ఆ గొంతులో తిట్టు లేకపోవడం నేను మొదటిసారి విన్నాను.

పరాంకుశం గారు కళ్లజోడు తుడిచారు. "రోగి బతకడమనేది ఫలితం. నైతికత ఫలితాన్ని చూడదు, విధానాన్ని చూస్తుంది. మీరు ఇవాళ ఒకణ్ణి అక్రమంగా బతికించారు. రేపు అందరూ ఇలాగే బతికించడం మొదలుపెడితే ఈ సంస్థ ఏమైపోవాలి?"

ఎస్తేరు రాణి సస్పెండయింది. బ్యాగు భుజాన వేసుకుని సూరన్న మంచం దగ్గర ఆగింది. "ఒరేయ్ సూరన్నా, టైముకి బిళ్ల రాకపోతే గోల చెయ్యి. మంచోడిలా పడుకోకు. విన్నావా?" అని అరిచింది. అప్పీలు నేను రాసిస్తానన్నాను. "ముందు మీ కాలు అతకనివ్వండి" అని, తల తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆవిడ స్థానంలో ప్రశాంతి అని చిన్నపిల్ల వచ్చింది. కాంట్రాక్టు ఉద్యోగం. ఎప్పుడు తీసేస్తే అప్పుడు పోవాలి. ఆ అమ్మాయి మంచిది, చెయ్యి మెత్తన. కానీ చేరిన రోజునే త్రినాథరావు ఎస్తేరు రాణి సస్పెన్షన్ ఆర్డరు ఆమె చేత పైకి చదివించాడు. ఆ తరవాత ఆ పిల్ల మంచినీళ్లు ఇవ్వడానికి కూడా జంకేది.

ఓ పనిదినాన, ఆఫీసులన్నీ తెరిచి ఉన్న వేళే, సూరన్నకు మళ్లీ ఫిట్సు వచ్చాయి. ముందురోజు సాయంత్రం బిళ్ల ఆలస్యమైంది. ఆ పొద్దున బిళ్ల ఇంకా రోడ్డుకు అవతలే ఉంది. డ్యూటీ డాక్టరు నైతికతా శిక్షణకు జిల్లా కేంద్రానికి వెళ్లాడు. ప్రశాంతి సూది సిద్ధం చేసింది. అన్నీ సరిగ్గానే చూసుకుంది. సూది అతని జబ్బకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఇచ్చెయ్యమ్మా!" అని అరిచాను. కాగితాన్నే నమ్ముకుని బతికినవాణ్ణి, కాలికి కట్టిన ఇటుకలు ఊగేట్టు, గొంతు చించుకుని అరిచాను. వార్డంతా అరిచింది. పైడితల్లి ఆ పిల్ల కాళ్ల మీద పడింది.

"నన్ను తీసేస్తారండీ" అని ఏడుస్తూ, ట్రే పట్టుకుని పరిగెత్తింది ప్రశాంతి.

తరవాత జరిగింది ఆ అమ్మాయే వెక్కుతూ చెప్పింది. ముందు మేడ మీద సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఎంతో శాంతంగా, "నేను అప్పీలు అధికారిని తల్లీ. ముందు ఎవరైనా తిరస్కరించాలి. తిరస్కరిస్తే అప్పుడు నా దగ్గరికి రా, తప్పక పరిశీలిస్తాను" అన్నారు. రోడ్డు దాటింది. పట్నాయక్ గారు గేదె ఈనలేక అవస్థ పడుతోందని పక్క ఊరు వెళ్లారు. అక్కణ్ణించి హైస్కూలుకు పరిగెత్తింది. హెడ్మాస్టరు గారూ గెజిటెడే. ఆయన పిల్లలకు క్రమశిక్షణ గురించి చెబుతున్నారు. ముగించి వచ్చి, "ఒరిజినల్ ఏదమ్మా?" అన్నారు. మళ్లీ ఆసుపత్రికి, త్రినాథరావు బీరువా దగ్గరికి. మూల ఇంజెక్షను తీసుకుని మళ్లీ స్కూలుకి. ఆయన రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూసి, ఎక్కడా లోపం లేదని మెచ్చుకుని సంతకం పెట్టారు.

పచ్చసిరా ఆరకముందే ఆ పిల్ల వార్డులోకి వచ్చి పడింది. అప్పటికి సూరన్న కదలడం మానేసి కొంతసేపయింది. పైడితల్లి అతని తల ఒళ్లో పెట్టుకుని, కొంగుతో నుదురు తుడుస్తోంది. సంతకం పోతుందని ఆమెకు చెప్పేవాళ్లు లేకపోయారు.

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఎవరి మీదో తెలిసీ చెయ్యగలిగింది లేక, విరిగిన కాలుతో గోడకేసి చూస్తూ పడుకున్నాను.

విచారణ ముగిసేదాకా శవాన్ని కదపరాదన్నారు. కమిటీ మంచం దగ్గరికే వచ్చింది. పరాంకుశం గారు పొట్లాలూ సంతకాలూ వేళలూ అన్నీ పరిశీలించి, ఏ దశలోనూ నియమోల్లంఘన జరగలేదని సంతృప్తి వెలిబుచ్చారు. ప్రాణభయమూ, రోగుల కేకలూ, బంధువుల కన్నీళ్లూ చలింపజేయలేని నైతిక స్థైర్యం చూపినందుకు నర్సు ప్రశాంతికి ప్రశంసాపత్రం ఇవ్వాలని సిఫారసు చేశారు. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకుంది. వినయమనుకున్నారు.

"లాంఛనానికి మృతుడి భార్య వాంగ్మూలం కూడా కావాలి" అన్నాడు త్రినాథరావు. "చూడమ్మా. ఈ నర్సమ్మ వల్ల ఏదైనా తప్పు జరిగిందా? భయపడకుండా చెప్పు."

పైడితల్లి ప్రశాంతి వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"మొదలు ఒచ్చిన సిస్టరమ్మ తప్పు సేసింది బాబూ. మా ఇంటోడు బతికినాడు" అంది. "ఈ సిస్టరమ్మ ఏ తప్పూ సెయ్నేదు."

త్రినాథరావు కలం ఆపాడు. "మొదటిది ఈ విచారణ పరిధిలోకి రాదమ్మా" అని, రెండో మాట మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచి, కాగితం మీద ఒత్తించాడు.

వేలు కొంగుకు తుడుచుకుంటూ పైడితల్లి అడిగింది:

"ఇంక మా ఇంటోణ్ని తీసుకెల్లిపోవచ్చా బాబూ?"

పరాంకుశం గారు కాగితం మరోసారి పైనుంచి కిందిదాకా చదివారు.

"తప్పకుండా తీసుకెళ్లమ్మా. అన్నీ సక్రమంగా ఉన్నాయి" అన్నారు.